నేను వేసిన సున్నాలు: అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా

హైదరాబాద్ వెళ్ళొచ్చానని తెలిసి మా వీధివాళ్ళు బిర్యానీ ఎలా ఉంది, ముత్యాలు కొన్నావా అని అడుగుతున్నారు. బిర్యానీ తినలేదు. ముత్యాలు కొనలేదు. నాలుగు రోజులూ మందుల షాపుల ముందు నిలబడి, కాళ్ళు వాచి, ఒక చెప్పు తెగి, కడుపు మండి తిరిగొచ్చాను. ఆ మంట ఇంకా చల్లారలేదు. చల్లారాక నేను కూడా అందరిలాగే "ఏం చేస్తాంలే" అంటానేమోనని భయమేసి, ఈలోపే రాసేస్తున్నాను.

ముందు నా పని సంగతి చెప్పాలి. డాక్టర్లు చీటీ రాస్తేనే ఇవ్వాల్సిన నల్లమందు జాతి నొప్పి మందులు దేశంలో ఎంత వాడుతున్నారు, ఏటికేడు పెరుగుతోందా తగ్గుతోందా అని లెక్క తీసే సర్వే ఒకటుంది. దానికి మా జిల్లా మనిషిని నేను. మూడు నెలలకోసారి మందుల షాపులకీ ఆసుపత్రులకీ తిరిగి, వాళ్ళ రిజిస్టర్లలోని అంకెలు ఫోన్‌లో ఎక్కించాలి. ఆరేళ్ళుగా చేస్తున్నాను. ఈసారి ఆఫీసువాళ్ళు సొంత జిల్లాతోపాటు వేరేచోట కూడా లెక్క సరిచూడాలని నియమం పెట్టి నన్ను అమీర్‌పేటకి వేశారు.

వెళ్ళడానికి నాకు ఇంకో కారణం ఉంది. మా వదిన సరస్వతి. చిన్నప్పుడు నాకు జడ వేసింది, నన్ను కాలేజీకి పంపమని అన్నయ్యతో పోట్లాడింది ఆవిడే. రొమ్ములో మొదలైన కాన్సర్ ఇప్పుడు వెన్నెముకకి పాకింది. డాక్టరుగారు మార్ఫిన్ మాత్రలు రాశారు. అవి మామూలు షాపుల్లో దొరకవు, అనుమతి ఉన్న ఆసుపత్రిలోనే ఇవ్వాలి. మా ఊరి ఆసుపత్రికి అనుమతి ఉంది, మాత్రలు లేవు. మందుల కిటికీలో కూర్చునే ఫార్మసిస్టు, "పోయినేడు వాడకమే లేదండి, అందుకని ఈ ఏడు కావాలని రాయలేదు" అన్నాడు. ఇంటికొచ్చి చెప్తే వదిన, "పోనీలే, హైదరాబాదులో దొరుకుతాయేమో చూడు, తొందరేం లేదు" అంది. తొందర లేదన్న మనిషి కూర్చోలేక, గోడకి చెయ్యి ఆనించి నిలబడి ఉంది.

మధురానగర్

మధురానగర్‌లో ఆడవాళ్ళ హాస్టల్లో మంచం దొరికింది. గదికి నాలుగు మంచాలు, నాలుగు మంచాలకీ కలిపి ఒకటే కిటికీ. రోజుకి ఐదొందలు, రెండు పూటలా తిండితో. పప్పులో చింతపండు తప్ప పప్పు కనపడలేదు. మా ఊళ్ళో అలాంటి పప్పు పెడితే పెళ్ళివారు లేచిపోతారు. ఇక్కడి పిల్లలు మాత్రం ఫోన్ చూసుకుంటూ, ఏం తింటున్నారో తెలియకుండానే తినేస్తున్నారు.

నా పక్క మంచం పిల్ల పేరు హారిక. ఒంగోలు నుంచి వచ్చి కంప్యూటర్ కోర్సు నేర్చుకుంటోంది. పొద్దున ఆరింటికి ఒక క్లాసు, సాయంత్రం ఇంకోటి, మధ్యలో మంచం మీద బోర్లా పడుకుని లాప్‌టాప్. నేను ప్రయాణం బడలికతో కాళ్ళు పిసుక్కుంటుంటే జాలిపడి దిండు కింద నుంచి ఒక మాత్రల పట్టీ తీసింది.

"కాళ్ళు నొప్పులా ఆంటీ? ఇదొకటి వేసుకోండి, గంటలో లేచి తిరుగుతారు."

చూస్తే ట్రమడాల్. నేను ఎవరెంత వాడుతున్నారో లెక్క తీయడానికి మూడొందల మైళ్ళు దాటి వచ్చిన మందు అదే. పిప్పరమెంటు ఇచ్చినట్టు ఇస్తోంది.

"ఇది ఎవరు రాశారమ్మా నీకు?"

"రాసేదేంటి ఆంటీ, మెడనొప్పికి మా గదిలో అందరం వేసుకుంటాం. మెట్రో పక్క షాపులో ఇస్తారు."

అది అలవాటు పడిపోయే మందని, ఇలా వేసుకోకూడదని చెప్పాను. ఆ పిల్ల నన్ను వాళ్ళ అమ్మని చూసినట్టు చూసి, పట్టీ మళ్ళీ దిండు కింద పెట్టుకుంది. నాకు దాని మీద కోపం రాలేదు. ఇరవై రెండేళ్ళ పిల్ల మెడ పట్టేసేదాకా కూర్చోబెట్టి, ఆ మెడకి మందు కూడా పక్కనే అమ్మే ఊరి మీద వచ్చింది.

అమీర్‌పేట

ఆ షాపు నా జాబితాలోనూ ఉంది. యజమాని పేరు యాదయ్య. యాభై ఏళ్ళుంటాయి, జనగామ వైపు పల్లె నుంచి వచ్చి పాతికేళ్ళయిందట. మా వైపు సర్వే అంటే షాపువాళ్ళు మొహం తిప్పుకుంటారు, మనం మెట్ల మీద నిలబడాలి. ఈయన స్టూలు తుడిచి వేశాడు, చాయ్ తెప్పించాడు. చిన్న కప్పు, ఇరవై రూపాయలు. మా ఊళ్ళో ఆ డబ్బుకి ఇద్దరం తాగొచ్చు. కానీ నన్ను డబ్బులివ్వనివ్వలేదు.

"రాండ్రి మేడం, కూసోండ్రి. రిజిస్టర్ ఇస్త. నిమ్మలంగ రాసుకోండ్రి."

ఈ రకం మందు అమ్మినప్పుడల్లా రోగి పేరు, డాక్టర్ పేరు, ఎన్ని మాత్రలు అన్నది రిజిస్టర్లో రాయాలి. తీసి చూశాను. మూడు నెలల పేజీలు ఒకే పెన్నుతో, ఒకే ఊపులో రాసినట్టున్నాయి. డాక్టర్ పేరు ఉండే గడిలో పైనుంచి కిందిదాకా ఒక్కటే పేరు.

"ఈ డాక్టరుగారిని ఒకసారి కలవొచ్చాండీ?" అన్నాను.

"ఎట్ల కలుస్తరు మేడం? ఆయన పోయి రెండేండ్లాయె. మస్తు మంచి మనిషి. ఆయన పోయిన నాడు షాప్ సుత బంద్ పెట్టిన."

"పోయినాయన మందులెలా రాస్తున్నారండీ?"

"ఆయన రాస్తలేడు. నేను రాస్తున్న."

దాచుకోవాలన్న ఆలోచనే లేదు ఆ మనిషికి. మరి ఈ రోగుల పేర్లెవరివని అడిగాను. వేలు పెట్టి చూపించాడు.

"మావోళ్ళే. గీ లక్ష్మయ్య మా మేనమామ. గీమె మా చిన్నమ్మ. అందరు ఊర్లనే ఉంటరు. ఎవరో బయటోళ్ళ పేర్లు రాస్తే తప్పు గద మేడం."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పరాయివాళ్ళ పేరు వాడుకోవడం తప్పని తెలిసిన మనిషి, సొంత మేనమామ చేత ఏడాదికి నాలుగుసార్లు మత్తు మాత్రలు మింగిస్తున్నాడు. నిజంగా కొనేవాళ్ళ పేర్లు ఎందుకు రాయరని అడిగాను.

"వాళ్ళు చీటీ తెస్తలేరు. డాక్టర్ కాడికి పోతే ఫీజే ఐదొందలు. చీటీ తేండ్రి అంటే పక్క షాపుకు పోతరు. ఏం జెయ్యమంటరు?"

"పది పట్టీలు అమ్మితే ఎన్ని రాస్తారు?"

ఆయన రోడ్డు వైపు చూశాడు. గొంతు తగ్గించి చెప్పాడు. "రెండు రాస్త. ఏటేట జర తగ్గిస్త. తగ్గితే ఎవ్వరు అడగరు మేడం. పెరిగితేనే లొల్లి."

మా నియమం ఒకటే: రిజిస్టర్లో ఉన్నది ఉన్నట్టు ఎక్కించాలి. ఎక్కించాను. సాయంత్రం దాకా ఇంకో ఆరు షాపులు తిరిగాను. రెండు చోట్ల ఇదే తంతు, ఒకచోట కుక్కని అదిలించినట్టు అదిలించారు. చచ్చిపోయిన డాక్టరు, ఊళ్ళో వరి కోసుకుంటున్న మేనమామ నా ఫోన్‌లోంచి దేశం లెక్కలోకి వెళ్ళిపోయారు. దిండు కింద పట్టీ పెట్టుకున్న హారిక మాత్రం వెళ్ళలేదు.

కృష్ణానగర్

రెండోరోజు పొద్దున షేర్ ఆటో దిగుతుంటే చెప్పు పట్టీ తెగింది. ఆ చెప్పుని చేత్తో పట్టుకుని ఒంటికాలు చెప్పుతో నడుస్తున్నాను. టీ బండి దగ్గర ముప్పై మంది దాకా మగవాళ్ళు సంచులు భుజాన వేసుకుని నిలబడి ఉన్నారు. సినిమాల్లో గుంపులో నిలబడేవాళ్ళు, దెబ్బలు తినేవాళ్ళు. షూటింగ్ వ్యాన్ కోసం చూస్తున్నారు. అందులోంచి ఒకతను ముందుకొచ్చాడు.

"అక్కా, గట్ల నడవకు, గాజు పెంకులుంటయి. గా మూలకు చెప్పులు కుట్టేటాయన ఉన్నడు, రా."

పేరు మల్లేశ్. ఫైట్లలో పడేవాడు. మెట్ల మీద నుంచి దొర్లాలి, తాడు కట్టుకుని గోడకి గుద్దుకోవాలి. చెప్పు కుట్టించుకునేసరికి నా పనేమిటో అడిగి తెలుసుకున్నాడు. తెలిశాక చొక్కా జేబులోంచి అదే పట్టీ తీసి అరచేతిలో పెట్టుకుని చూపించాడు.

"గిదే గదా? పొద్దుగాల రెండు, పగటికి రెండు. శురూల ఒక్కటే సరిపోతుండె."

"మానెయ్యాలని చూడలేదా తమ్ముడూ?"

"చూసిన. మూడు దినాలు. కాళ్ళు గుంజినయి, చెమటలు, నిద్ర లేదు. నాలుగో దినం షూటింగుల మెట్ల మీదికెల్లి దొర్లి లేవలేకపోయిన. లేవనోన్ని ఎవడు పిలుస్తడు అక్కా?"

ఒక్కసారిగా ఆపకూడదని, డాక్టరు దగ్గరుండి కొంచెం కొంచెంగా తగ్గిస్తారని, అలాంటి చోట్లు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉంటాయని చెప్పాను. విన్నాడు. తర్వాత నా ఫోన్ వైపు చూసి అడిగాడు.

"నువ్వు మొత్తం రాసుకుంటున్నవు గద. మాసుంటోళ్ళం ఏ గడిల వస్తం?"

చీటీ లేనివాడికి గడి లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. మాట మార్చి వదిన గురించి చెప్పాను, మార్ఫిన్ మాత్రల కోసం వెతుకుతున్నానని. మల్లేశ్ వెంటనే, "మా అత్తకు కాన్సర్ అయితే పంజాగుట్ట దిక్కు ఒక చిన్న దవాఖానల ఇచ్చిండ్రు. కింద ఫొటో స్టూడియో ఉంటది. ఫికర్ చెయ్యకు అక్కా, మంచిగ చూస్తరు" అన్నాడు. వ్యాన్ వచ్చింది. నడుం పట్టుకుని ఎక్కి, కిటికీలోంచి ఆ సందు ఎటో చేత్తో చూపిస్తూ వెళ్ళిపోయాడు.

పంజాగుట్ట, నాలుగో అంతస్తు

మూడోరోజు సర్వే ఆఫీసుకి రమ్మన్నారు. బయట ఫ్లైఓవర్ కింద మనిషిని మనిషి నెట్టుకుంటూ పోతుంటే, లోపల చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి. సమోసా, కాఫీ ఊరికే ఇచ్చారు. మా లెక్కలన్నీ కలిపి చూసే అధికారి వంశీగారు. విజయవాడ అబ్బాయి, ముప్పై దాటి ఉండవు, మర్యాదస్తుడు. గోడ మీద తెరపై ఒక గీత చూపించాడు. ఎడమ నుంచి కుడికి కిందికి దిగుతోంది.

"వాడకం తగ్గుతోందండి. ఏటికేడు. చాలా మంచి ట్రెండ్."

ఆ గీతలో నాకు యాదయ్య చెయ్యి కనపడింది. ఉన్నదంతా చెప్పాను, డాక్టరు పోయిన సంగతితో సహా. వంశీగారు ఓపిగ్గా విని తల ఊపాడు.

"ప్రతి సర్వేలోనూ కొంత తప్పుంటుందండి. ఆ తప్పు ఏటా ఒకే తీరుగా ఉన్నంతకాలం ట్రెండ్ పాడవదు."

"ఒకే తీరుగా ఎక్కడుందండీ? ఆయన ఏటేటా తగ్గించి రాస్తున్నాడు. మీ గీత కిందికి దిగడం కాదు, ఆయన దింపుతున్నాడు."

"మనం కొలిచేది రాసిన లెక్కనండి. అమ్మిన లెక్క కాదు."

నా ఒళ్ళు మండింది. అయితే ఆ మాటే గీత కింద రాయండి అన్నాను. పక్కనున్న వాళ్ళు సమోసాలు తినడం ఆపి చూశారు. వంశీగారు మాట తప్పించడానికి కాబోలు, ఆసుపత్రుల పటం వేశాడు. మార్ఫిన్ ఎక్కువ వాడే జిల్లాలు ముదురు రంగు, తక్కువ వాడేవి లేతరంగు. కొన్ని తెల్లగా ఉన్నాయి. మా జిల్లా తెల్లగా ఉంది.

"ఈ తెల్లవేంటండీ?"

"అక్కడ వాడకం లేదండి. అవసరం లేని జిల్లాలు. రిపోర్టులో అలాగే వెళ్తాయి."

"ఎవరన్నారు అవసరం లేదని?"

ఆయన రెండుసార్లు నొక్కాడు. మా జిల్లా వరస తెర మీదికి వచ్చింది. ఆరేళ్ళు, ఏడాదికి నాలుగుసార్లు, ఇరవై నాలుగు గడులు. ఇరవై నాలుగు సున్నాలు. ప్రతి సున్నా పక్కనా పంపినవాళ్ళ నంబరు. ఆ నంబరు నాది.

"మీరే పంపారు కదండీ," అన్నాడు. అందులో ఎత్తిపొడుపు ఏమీ లేదు. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

అప్పుడు గుర్తొచ్చింది. మొదటి ఏడాది ఆసుపత్రి కిటికీ దగ్గర ఫార్మసిస్టు "మందు రాలేదండి" అంటే, గడి ఖాళీగా వదిలాను. ఫోన్ ఎర్రగా చూపించి తీసుకోలేదు. ఆఫీసుకి ఫోన్ చేస్తే ఎవరో, "సున్నా వేసెయ్యండి" అన్నారు. వేశాను. తర్వాత అడగడం కూడా మానేశాను. ఆ కిటికీ దాకా వెళ్ళకుండానే, ఇంట్లో కాఫీ తాగుతూ సున్నా వేసిన రోజులు కూడా ఉన్నాయి. రెండు రోజులుగా యాదయ్యని తిట్టుకుంటున్నాను. ఆయన పదికి రెండైనా రాశాడు.

"మందు లేక వాడలేదండీ, నొప్పి లేక కాదు. ఇది మార్చండి," అన్నాను.

"ఆ తేడా చూపించడానికి ఫారంలో గడి లేదండి," అన్నాడు వంశీగారు. ఆయనా ఇబ్బందిగానే ఉన్నాడు. కానీ తెర మీద మా జిల్లా తెల్లగానే ఉంది.

పంజాగుట్ట, వెనక సందు

నాలుగోరోజు మల్లేశ్ చెప్పిన ఫొటో స్టూడియో పక్క మెట్లు ఎక్కితే పది మంచాల వార్డు. గట్టిగా మాట్లాడేవాళ్ళు లేరు. ఒక పెద్దాయన మంచం మీద కూర్చుని మరమరాలు తింటున్నాడు. ఒకామె కూతురికి జడ వేస్తోంది. నొప్పి తగ్గిన మనుషులు ఇలా ఉంటారని ఆరేళ్ళ సర్వేలో నేను ఒక్కసారి కూడా చూడలేదు.

డాక్టరమ్మ వదిన కాగితాలన్నీ చదివి, మా ఊరి డాక్టరుగారికి ఫోన్ చేసి కనుక్కున్నారు. తర్వాత వదినని వీడియోలో చూపించమన్నారు. తెర మీద వదిన జుట్టు సర్దుకుని, కొంగు భుజం నిండా కప్పుకుని వచ్చింది. పేరంటానికి వచ్చినట్టు.

"అమ్మా, నొప్పే లేకపోతే సున్నా అనుకోండి, అసలు తట్టుకోలేకపోతే పది. మీకు ఎంత?"

వదిన ఆలోచించింది. "ఎనిమిది వేసుకోండి డాక్టరుగారూ. ఎక్కువ చెప్తే మాత్రలు ఎక్కువ ఇవ్వాల్సొస్తుందేమో. మీ దగ్గర ఇంకా చాలామంది ఉంటారు కదా."

నాకు దుఃఖం, కోపం కలిసి వచ్చాయి. గట్టిగా అరిచేశాను. "వదినా, ఇక్కడ కూడా తగ్గించి చెప్తావా?" వార్డంతా నా వైపు చూసింది. డాక్టరమ్మ ఎనిమిది కొట్టేసి తొమ్మిది వేశారు.

పదిహేను రోజులకి సరిపడా మాత్రలిచ్చారు. నేను కట్టింది చాలా తక్కువ, ఆటోకి అంతకంటే ఎక్కువైంది. సిస్టర్ సుగుణ చీటీ మీద వేళలు రాసి, ఒక సిరప్ కూడా చేతిలో పెట్టింది. "గీ గోళీలకు మలబద్ధకం అయితది, సిరప్ మర్వొద్దు. అయిపోకముందే మళ్ళ రాండ్రి." తర్వాత పెద్ద రిజిస్టర్ తీసి వదిన పేరు, నా సంతకం ఎక్కించింది. ఈ మాత్రలు ఏ జిల్లా లెక్కలోకి వస్తాయని అడిగాను.

"మా లెక్కల్నే పడతయి. ఇచ్చింది మేము గద."

అంటే వదిన నొప్పి మా ఊళ్ళోది, లెక్కలో పంజాగుట్టది. గోరుచుట్టుపై రోకటిపోటు అంటే ఇదే. మాత్రలు సంపాదించి మరీ మా జిల్లాని తెల్లగా ఉంచాను.

ఇంటికి వచ్చాక

మొదటి రోజు వదిన నిద్రపోయింది. మూడోరోజు పీట వేసుకుని కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీసింది. అన్నయ్య గుమ్మంలో నిలబడి ఆ చిక్కుడుకాయల్నే చూస్తూ ఉండిపోయాడు.

నెలాఖరుకి మా జిల్లా సర్వే వంతు వచ్చింది. మా ఊరి ఆసుపత్రి గడి దగ్గర ఆగాను. సున్నా వెయ్యలేదు. ఫోన్ ఎర్రగా చూపిస్తూనే ఉంది, చూపించుకోనీ అనుకున్నాను. ఒక పొడుగు పుస్తకం కొని గీతలు కొట్టాను: పేరు, ఊరు, ఏ మందు కోసం వచ్చారు, ఆరోజు నొప్పి ఎంత. పైన "మందు కోసం వచ్చి దొరక్క వెళ్ళినవాళ్ళు" అని రాసి కిటికీ దగ్గర పెట్టాను. మూడోరోజుకి పుస్తకం లేదు. ఎవరో తీసుకెళ్ళారండి అన్నాడు ఫార్మసిస్టు, నా మొహం చూడకుండా. రెండోది కొన్నాను. పోస్టాఫీసులో పెన్నుకి కట్టినట్టు దారం కట్టి, కిటికీ ఊచకి నాలుగు ముళ్ళు వేశాను.

ఇప్పటికి అందులో పదకొండు పేర్లున్నాయి. సూపరింటెండెంటుగారికి ఆ పేజీల నకలు ఇచ్చాను, వంశీగారికి ఫొటోలు పంపాను. ఇద్దరూ జవాబివ్వలేదు. వారం వారం ఇస్తూనే ఉంటాను, పంపుతూనే ఉంటాను.

మొదటి పేరు వదినది. నేను రాస్తానంటే వినలేదు. ఆటోలో వచ్చి, కిటికీ గట్టుకి మోచెయ్యి ఆనించి, తనే రాసింది. పేరు, ఊరు, మందు. చివరి గడి దగ్గర పెన్ను ఆపి, "ఆరోజు" అంటే మందు లేదని నేను ఇంటికొచ్చి చెప్పిన రోజేనా అని అడిగింది. అవునన్నాను.

పది అని వేసింది.